బాటిల్ ఎక్కితే బలమొస్తుందనుకున్నాం

పోస్ట్ పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి. ముఖ్యంగా కానిస్టేబుల్, ఫారెస్ట్ బీట్, ఆర్మీ ఈవెంట్స్ కోసం చీకటితో లేచి పరిగెడుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చదవాలి.

రాస్తున్నది ఒక చెయ్యే గానీ ఇది మా గదిలో అయిదుగురి మాట. రాశాక అయిదుగురం కూర్చుని చదివాం, రెండు చోట్ల గొడవపడి మార్చాం. పేర్లు పెట్టలేదు. ఎవరి సంగతి రాశామో వాడే "రాయండ్రా, నాకేటి సిగ్గు" అన్నాడు. సిగ్గు ఉన్నది మిగతా నలుగురికి.

మేముండేది విశాఖపట్నంలో హాస్టల్. ఊళ్ళు పాడేరు, హుకుంపేట, ముంచంగిపుట్టు వైపు. మా అయిదుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కినవాళ్ళం మేమే మొదలు. మావోడు కానిస్టేబుల్‌కి కట్టాడు. రాత పరీక్ష వాడికి భయం లేదు, భయమంతా 1600 మీటర్లే. కొండెక్కి దిగి పెరిగినోడికి పరుగు భయమేంటని మీరనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాం. ఇంటర్‌లో ఉన్నప్పుడు మా అందర్లోకీ వాడే ముందు ఉండేవాడు. ఈ ఏడాది మాత్రం రెండు రౌండ్లు బాగా తిరిగి, మూడో రౌండ్‌కి మొహం పాలిపోయి, నడుం మీద చేతులేసుకుని ఆగిపోయేవాడు. పిక్కలు పట్టేసేవి. మెట్లెక్కితే గుండె దడ. మధ్యాహ్నం క్లాసులో నిద్ర. మేము బద్ధకం అన్నాం, ఫోన్ చూడ్డం తగ్గించమన్నాం. టీ ఎక్కువ తాగమని కూడా చెప్పాం, అదెంత తప్పు సలహానో తర్వాత తెలిసింది.

గ్రౌండ్‌కి వచ్చే ఒక జిమ్ కుర్రాడు చెప్పాడు ఆ సెంటర్ గురించి. "పెద్ద పెద్ద ప్లేయర్లు అదే చేస్తారు. ఒక చేతికి విటమిన్ డ్రిప్, కాళ్ళకి కంప్రెషన్ బూట్లు. గంటలో ఫ్రెష్" అన్నాడు. స్టూడెంట్ ఆఫర్ అంట, మూడు సిట్టింగులు 4500 రూపాయలు. ఇంకొకర్ని తీసుకొచ్చినోడికి బూట్లు ఒకసారి ఫ్రీ.

4500 అంటే మాకు చిన్న మాట కాదు. మావోడి దగ్గర 1500 ఉన్నాయి. మిగతాది మేము నలుగురం వేసుకున్నాం. ఒకడు ఇంటి నుంచి పుస్తకాలకని వచ్చిన కాఫీ డబ్బులు తీశాడు. వాడు వద్దనే అన్నాడు. "ఉద్యోగం వస్తే తిరిగి ఇచ్చేద్దువులే" అని ఒప్పించింది మేమే.

లోపలికి వెళ్తే ఏసీ, మెత్తటి వాలు కుర్చీలు, సన్నగా పాట. చెప్పులు బయట విప్పమన్నారు. ఆ చోటికి మా చెప్పులు తగవని మాకే అనిపించింది. తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి చేతికి సూది పెట్టింది, పసుపుపచ్చ బాటిల్ వేలాడదీసింది. తర్వాత తొడల దాకా వచ్చే నల్లటి బూట్లు తొడిగింది. బూట్లంటే బూట్లు కాదు, గాలి సంచులు. వాటికి గొట్టాలు, గొట్టాలకి చిన్న మెషీన్. స్విచ్ వేస్తే గాలి ముందు పాదం దగ్గర నిండుతుంది, తర్వాత పిక్క, తర్వాత మోకాలు, తర్వాత తొడ. బీపీ చూసేటప్పుడు చేతికి కట్టిన పట్టీ బిగుసుకుంటుంది చూడండి, అచ్చం అలాగే, కాకపోతే కాలు మొత్తానికి. కాసేపు బిగిసి ఒదిలేస్తుంది, మళ్ళీ పాదం నుంచి మొదలు. ఆ అమ్మాయి చెప్పిన మాట మాకింకా గుర్తుంది: "డ్రిప్ బలాన్ని లోపలికి పంపిస్తుంది, బూట్లు ఆ బలాన్ని కాళ్ళలోకి తోస్తాయి."

ఎంత బాగా చెప్పిందో. మాలో ఇద్దరు బీఎస్సీ చదువుతున్నారు. ఒక్కడూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న మావోడు నిజంగానే బాగా పరిగెత్తాడు. నాలుగు రౌండ్లూ ఆగకుండా తిరిగాడు. మేము ఈలలేశాం. వాడికి వచ్చిన మూత్రం పసుపు దంచి కలిపినట్టుందని చెబితే, "విషం బయటికి పోతోందిరా" అని కూడా మేమే చెప్పాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేము అంత తేలిగ్గా ఎందుకు నమ్మాం? ఏసీ చూసి కాదు, ఆ జిమ్ కుర్రాడి మాట విని కూడా కాదు. ఆ నమ్మకం మా ఊళ్ళనుంచే వచ్చింది. మొదటి వానలు పడి గెడ్డ నీళ్ళు ఎర్రగా మారినప్పుడు ఊళ్ళో వాంతులు విరేచనాలు పట్టుకోవడం మీ అందరికీ తెలుసు. చిన్నప్పుడు పీహెచ్‌సీ వరండాలో చాపల మీద పడుకోబెట్టి, కిటికీ ఊచలకి గుడ్డ పేలికతో బాటిళ్ళు కట్టడం చూశాం. మాలో ఒకడు ఆ చాప మీద పడుకున్నవాడే. కళ్ళు లోపలికి పోయి, పిలిస్తే పలకని వాడు, రెండో బాటిల్ సగమయ్యాక నీళ్ళడిగాడంట. వాడి నాయనమ్మ ఇప్పటికీ ఆ కథ చెబుతుంది. డోలీలో మోసుకొచ్చిన బాలింత పక్కన బాటిల్ చేత్తో ఎత్తి పట్టుకుని నడిచిన మావయ్యలు ఉన్నారు మనకి. అందుకే మనవాళ్ళకి బాటిల్ అంటే ప్రాణం. ఆ నమ్మకం ఉత్తిగా పుట్టలేదు, కళ్ళముందు మనుషులు బతికితే పుట్టింది.

అక్కడినుంచే అది సంతలోకి వచ్చింది. కాఫీ పళ్ళు ఏరి ఏరి నడుం పడిపోయిన అమ్మలు, సంతరోజు ఆర్ఎంపీ దగ్గరికెళ్ళి "నీరసంగా ఉంది బాబూ, ఒక బాటిల్ పెట్టు" అంటారు. ఆయన పెడతాడు. ఏ జబ్బని ఆమె అడగదు, ఆయన చెప్పడు. మేము విశాఖలో చేసింది అదే. బల్ల బదులు వాలు కుర్చీ, రెండు మూడొందల బదులు పదిహేనొందలు.

రెండో సిట్టింగ్‌లో తేడా వచ్చింది. బాటిల్ మొదలైన కాసేపటికే చెయ్యి మండుతోందన్నాడు. "విటమిన్ సీ ఎక్కువ వేశాం, అలాగే ఉంటుంది" అన్నారు. కడుపులో తిప్పింది, అలాగే ఓర్చుకున్నాడు. 1500 పోతాయని. రాత్రికి సూది పెట్టిన చోటునుంచి మోచేతి దాకా నరం ఎర్రగా తేలి, ముట్టుకుంటే తాడులా గట్టిగా తగిలింది. రెండు రోజులాగి, నొప్పి తగ్గిందని గ్రౌండ్‌కి వచ్చాడు. మూడో రౌండ్‌లో పడిపోయాడు. ఆగిపోవడం కాదు, పడిపోవడం. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

డ్యూటీలో ఉన్న మేడమ్ ముందు కింది కంటిరెప్ప లాగి చూసింది. తర్వాత గోళ్ళు చూసింది. "రక్తం పరీక్ష ఎప్పుడైనా చేయించారా బాబూ?" అంది. లేదన్నాం. చేతి మీద నరం చూసి ఏమైందని అడిగితే చెప్పాం.

"ఆ బాటిల్‌లో ఏం కలిపారు?"

"విటమిన్లు మేడమ్."

"ఏ విటమిన్? ఎంత?"

మేము ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మా దగ్గరున్న కార్డు మీద మూడు గళ్ళున్నాయి, రెండింటికి టిక్కు పెట్టి ఉంది. అంతే.

"ఎప్పుడైనా మలేరియా మాత్రలు వేసుకున్నప్పుడు మూత్రం నల్లగా, కోలా రంగులో వచ్చిందా?" అని అడిగింది. ఆ ప్రశ్న మాకు వింతగా అనిపించింది. ఎందుకడిగిందో తర్వాత వివరంగా చెప్పింది. మీరంతా ఇది శ్రద్ధగా చదవండి, ఇది మనకి సంబంధించింది. జి6పిడి అని ఒక ఎంజైము ఉంటుంది, అది ఎర్ర రక్తకణాలకి కాపలా. కొందరికి పుట్టుకతోనే అది తక్కువ. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల్లో ఇది ఎక్కువగా కనబడుతుంది. ఏజెన్సీ కూడా అలాంటి చోటే. మామూలప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు, ఉన్నట్టు కూడా తెలియదు. మలేరియాకి 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్ లాంటి మందు పడితే మాత్రం కణాలు పగిలిపోతాయి. నరంలోకి పెద్ద మోతాదులో విటమిన్ సీ ఎక్కించినా అలాగే పగలొచ్చు. అందుకే ఆ మోతాదులు ఇచ్చే ముందు జి6పిడి పరీక్ష చెయ్యాలి. ఆ సెంటర్‌లో మావోణ్ణి అడిగింది ఫోన్ నంబరు ఒక్కటే.

వాడికి జి6పిడి బాగానే ఉందని తేలింది. అదృష్టం. కానీ హిమోగ్లోబిన్ 8.1. మగవాళ్ళకి 13, గర్భిణులు కాని ఆడవాళ్ళకి 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు. వాడు 8తో 1600 మీటర్లు పరిగెత్తాలని చూస్తున్నాడు. మలం పరీక్షలో కొంకి పురుగులు బయటపడ్డాయి. సెలవులకి ఊరెళ్ళినప్పుడల్లా చెప్పుల్లేకుండా తిరగడం మా అందరికీ అలవాటే. పురుగు పిల్లలు పాదం చర్మంలోంచి దూరి, పేగుల్లో చేరి, కొంచెం కొంచెంగా రక్తం తాగుతాయి. దానికి తోడు మెస్‌లో నీళ్ళ సాంబారు, దాని మీద మేమిప్పించిన టీలు. తిండిలో ఉన్న కాస్త ఇనుమునీ టీ ఒంటికి పట్టనివ్వదంట.

మేడమ్ ఓపిగ్గా చెప్పింది, మేము నోట్ చేసుకున్నాం. అర లీటరు సెలైన్ బాటిల్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాది నీళ్ళు. గ్లూకోజ్ బాటిల్ అయితే అర లీటరులో 25 గ్రాముల చక్కెర, వంద క్యాలరీలకి మించదు. ఒక గ్లాసు చోడి అంబలి, గుప్పెడు వేరుశనగలు తింటే అంతకంటే ఎక్కువే వస్తాయి. లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్ 20.5 గ్రాములు, అందులో ఉప్పు, గ్లూకోజ్, పొటాషియం, సిట్రేట్ అన్నీ ఉంటాయి. నోటితో తాగగలిగినవాడికి అది చాలు. మింగలేనివాడికి, వాంతులు ఆగనివాడికి, స్పృహ తప్పినవాడికి బాటిల్ కావాలి. అంటే మా వరండా బాటిళ్ళు ముమ్మాటికీ నిజం.

పసుపు మూత్రం సంగతీ తేలింది. అది విషం కాదు, రైబోఫ్లేవిన్ అనే బీ2 విటమిన్. ఒంటికి అక్కర్లేనంత ఎక్కిస్తే మూత్రపిండాలు బయటికి తోసేస్తాయి. మేము 1500 పెట్టి కొన్న రంగు అది.

మరి బూట్లు? అవీ ఉత్త మోసం కాదంది మేడమ్. ఆపరేషన్ అయి మంచం మీద పడున్నవాళ్ళకి కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఇలాంటివే వాడతారు. వాపు వచ్చిన కాళ్ళకి, బోదకాలుకి, ఒత్తిపెట్టి కట్టే పట్టీలు వైద్యమే. ఆటగాళ్ళకి కూడా వేసుకున్నాక నొప్పి కాస్త తగ్గినట్టుంటుంది. దాంతో మర్నాడు పరుగు వేగం పెరుగుతుందనుకోవడమే అత్యాశ. కాల్లో గడ్డ ఉన్నవాళ్ళు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, చర్మానికి ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళు వేసుకోకూడదు. వేసే ముందు అడగాలి. మమ్మల్ని అడగలేదు.

ఇక "బలాన్ని కాళ్ళలోకి తోస్తాయి" అన్న మాట. మేడమ్ నవ్వి, "మీలో సైన్స్ చదివేదెవరు?" అంది. ఇద్దరూ తల దించుకున్నారు. ఒంట్లో రక్తం సుమారు అయిదు లీటర్లు. గుండె ఊరికే కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి సుమారు అయిదు లీటర్లు తోస్తుంది. అంటే చేతి నరంలో వేసింది నిమిషంలోనే ఒళ్ళంతా తిరిగేస్తుంది, దానికి బూట్లక్కర్లేదు. పైగా బూట్లు నొక్కేది పాదం నుంచి పైకి. అంటే కాళ్ళలో రక్తాన్ని గుండె వైపు పంపిస్తాయి గానీ కాళ్ళలోకి కాదు. మా కళ్ళముందే పాదం, పిక్క, మోకాలు, తొడ అని వరసగా బిగుసుకుంది. మేము చూస్తూ కూర్చున్నాం. విడివిడిగా రెండూ ఏదో ఒక రోగానికి పనికొచ్చేవే. రెండూ కలిపితే బలం అన్నదే వాళ్ళు అల్లిన మాట.

మరి మొదటి రోజు అంత బాగా ఎలా పరిగెత్తాడు? ముందురోజు రెస్ట్ తీసుకోమన్నారని వాడు గ్రౌండ్‌కి వెళ్ళలేదు, ఏసీలో గంట నిద్రపోయాడు, పైగా మేము ఈలలేశాం. తర్వాత మాలో ఒకడు ఒక పరిశోధన గురించి చదివాడు. బోర్డు మీద "మయర్స్ కాక్‌టెయిల్" అని ఉంది కదా, అది జాన్ మయర్స్ అనే అమెరికా డాక్టరు పేరు మీద వచ్చింది. ఆ విటమిన్ల మిశ్రమాన్ని ఒళ్ళునొప్పుల జబ్బు ఉన్న 34 మంది మీద పరీక్షించి 2009లో ఫలితాలు వేశారు. సగం మందికి అసలుది, సగం మందికి విటమిన్లు లేని ఉత్త ద్రవం. రెండు గుంపులకీ నొప్పులు తగ్గాయి. చెప్పుకోదగ్గ తేడా లేదు. చిన్న పరిశోధనే, కానీ మావోడి మొదటి రోజు పరుగు మాకు అందులో కనబడింది.

ఆటల్లో రాష్ట్రం, జాతీయ స్థాయికి వెళ్ళే మనవాళ్ళకి ఇంకో సంగతి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ రూల్ ప్రకారం, ఆసుపత్రి చికిత్స, ఆపరేషన్, రోగనిర్ధారణ పరీక్షల్లో భాగంగా తప్ప, 12 గంటల్లో 100 మి.లీ. కంటే ఎక్కువ నరంలోకి ఎక్కించుకోకూడదు. లోపల ఉన్నది ఉత్త విటమిన్లే అయినా సరే. ఒలింపిక్స్‌లో 12 పతకాలు గెలిచిన అమెరికా స్విమ్మర్ ర్యాన్ లోక్టె, విటమిన్ డ్రిప్ పెట్టించుకుంటూ దిగిన ఫొటో తనే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుని 2018లో 14 నెలల నిషేధం తెచ్చుకున్నాడు. "పెద్ద ప్లేయర్లు అదే చేస్తారు" అన్న కుర్రాడికి ఇది చూపించాం. వాడు సబ్జెక్ట్ మార్చాడు.

ఆసుపత్రికి వెళ్ళాం కదా, మిగతా నలుగురం కూడా పరీక్ష చేయించుకున్నాం. ఒకడికి సికిల్ సెల్ ట్రెయిట్ ఉన్నట్టు వచ్చింది. అంటే జబ్బు కాదు, క్యారియర్. కానీ వాడూ పరుగు వీరుడే. ట్రెయిట్ ఉన్నవాళ్ళు ఎండలో నీళ్ళు తాగకుండా ఒక్కసారిగా ప్రాణం మీదికి పరిగెత్తితే కుప్పకూలే ప్రమాదం ఉంది, కాబట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలి, నీళ్ళు తాగుతూ ఉండాలి, అలసట వింతగా అనిపిస్తే ఆగాలి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో 40 ఏళ్ళ లోపు వాళ్ళకి మన ప్రాంతాల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. ఊళ్ళో కార్డులు ఇచ్చినప్పుడు మాలో ఎంతమంది తీసుకుని చూశాం? వాడి కార్డు ఇంట్లో రేషన్ కార్డు కవర్లో ఉందంట. ఎవరూ విప్పి చదవలేదు.

ఇప్పుడు గొడవపడి రాసిన చోటు. మాలో ఒకడు ఆ ఫ్రీ బూట్లు వేసుకున్నాడు. మావోణ్ణి తీసుకెళ్ళినందుకు వచ్చిన సిట్టింగ్ అది. మిగతావాళ్ళకి చెప్పలేదు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు బయటపెట్టాడు. రెండు రోజులు ఎవరూ వాడితో మాట్లాడలేదు. తర్వాత మావోడే, మంచం మీద పడుకుని, "ఒరే, మీకు ఫ్రీ ఇస్తామంటే మీరేసుకోరేటి?" అన్నాడు. ఎవరమూ జవాబు చెప్పలేదు. వాడెవడో ఇక్కడ రాయొద్దన్నాం, "మేము" అనే రాద్దామన్నాం. ఒకడి పేరు పెట్టి మిగతా నలుగురం తప్పించుకోవడం కుదరదు. డబ్బులు అందరం వేశాం.

మందులు ఏమంత గొప్పవి కావు. పురుగులకి ఆల్బెండజోల్ మాత్ర. ఇనుము మాత్రలు, ఫ్రీగా ఇచ్చారు. టీతో వేసుకోకూడదు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవాలి. మలం నల్లగా వస్తుంది, భయపడి మానెయ్యకూడదు. హిమోగ్లోబిన్ మామూలుకొచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడాలి. వాడి గదిలోనే ఉంటాం కాబట్టి రోజూ గుర్తుచేసే పని మాది. మెస్ కమిటీలో గుడ్డు గురించి మాట్లాడాం, వారానికి మెనూలో ఉన్నన్ని గుడ్లు ఇప్పుడు వస్తున్నాయి. అంతకుముందు వచ్చేవి కావు, మేమూ అడిగేవాళ్ళం కాదు.

పది వారాలకి 11.6కి వచ్చింది. పిక్కలు పట్టడం తగ్గింది. పోయిన ఆదివారం నాలుగు రౌండ్లూ తిరిగి, ఆగి, "దమ్ముంది" అన్నాడు. ఈలలు వెయ్యలేదు, టైమ్ మాత్రం రాసుకున్నాం. ఈవెంట్స్‌కి అందుతాడో లేదో ఇంకా చెప్పలేం.

మూడో సిట్టింగ్ డబ్బులు వెనక్కి ఇవ్వమన్నారు, కావాలంటే వేరేవాళ్ళని పంపండి అన్నారు. ఆ కార్డు మా కిటికీలో ఉంది.

వాడు పడిపోయిన సంగతి ఇంట్లో ఆలస్యంగా చెప్పాడు. స్పీకర్ పెట్టి ఉంది, మేమంతా విన్నాం. వాళ్ళమ్మ కాసేపు ఏడ్చి, "మందులేవో మాత్రలంట, మాత్రలకేటి తగ్గుతాది నాయినా. కాఫీ పళ్ళు అమ్మాక డబ్బులు పంపుతాను, ఒక మంచి బాటిల్ పెట్టించుకో" అంది. హిమోగ్లోబిన్ గురించి, పురుగుల గురించి మావోడు చెప్పడం మొదలెట్టాడు. సిగ్నల్ కోసం ఆమె ఎక్కడో గట్టెక్కి నిలబడి ఉంది, గాలి శబ్దం వస్తోంది. సగంలోనే ఆపేసి "అలాగేనమ్మా" అన్నాడు.